తాకే ముందు ఒక మాట: స్టోమా సంచితో విమానం ఎక్కిన ఒకావిడ కేసు

కర్నూల్లో స్టోమా నర్సుగా పనిచేస్తున్నాను. ఈ పని గురించి తెలియని వాళ్లే ఎక్కువ కాబట్టి ముందు రెండు ముక్కలు చెప్తాను. పెద్దపేగు చివర కేన్సర్ లాంటిది వచ్చి ఆ భాగం తీసేయాల్సి వస్తే, మిగిలిన పేగు కొసను పొట్ట మీద చిన్న రంధ్రంలోంచి బయటికి తెచ్చి కుడతారు. దాన్నే స్టోమా అంటారు. మలం అక్కడి నుంచే వస్తుంది, మనం ఆపుకుంటే ఆగేది కాదు, కాబట్టి ఒక సంచి ఎప్పుడూ అతికి ఉండాలి. ఆ సంచి అతికించుకోవడం, మార్చుకోవడం, చుట్టూ చర్మం చూసుకోవడం నేర్పించడం నా పని. ఎయిర్‌పోర్టు చెకింగ్‌కూ నాకూ ఏ సంబంధమూ లేదనే చాలా కాలం అనుకున్నాను. ఈ కేసు తర్వాత ఆ మాట అనలేను. ఆవిడ సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆవిడ గురించి

యాభై దాటిన మనిషి. జిల్లా పడమటి వైపు పల్లె, వేరుశనగ, కంది పండించే ఇల్లు. ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. సంచి జన్మంతా ఉండేదే, తర్వాత మూసేసే రకం కాదు. మొదటి మూడు నెలల్లోనే బాగా కుదురుకుంది. సొంతంగా సంచి మార్చుకునేది, చేనికి పోయేది. "ఈ పొద్దు కూలోళ్లకు పదైదు రొట్టెలు కాల్చి పెట్టినా సిస్టర్" అని ఒకసారి ఫోన్ చేసి మరీ చెప్పింది. నా పేషెంట్లలో ఇంక భయం లేదనుకున్న వాళ్లలో ఆవిడ ఒకరు.

ఐదో నెలలో వచ్చినప్పుడు మనిషి సగమైపోయింది. నాలుగు కిలోలు తగ్గింది. స్టోమా చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి తడి కారుతోంది. ఏమైందంటే "ఏం లేదు సిస్టర్, ఎండలకు" అంది.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. దాన్ని సంచి సమస్యగానే చూశాను. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలకు స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది, సంచిని చర్మానికి అతికించే ప్లేటును మొదటి కొలతతోనే కత్తిరిస్తూ పోతే చుట్టూ సందు మిగిలి అక్కడ చర్మం పాడవుతుంది. రోజూ చూసే విషయమే. కొలత మళ్లీ తీశాను, పౌడర్ ఇచ్చాను, పంపించాను. రెండు వారాలకు అదే పుండుతో మళ్లీ వచ్చింది. అప్పుడు కూడా నేను అడగలేదు, కోడలే బయటికి పిలిచి చెప్పింది. ఇల్లు కదలాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే ఆవిడ తినడం మానేస్తోందట. చుట్టాలు వస్తున్నారంటే ఆ పూట టీ నీళ్లే. పొట్ట మీద గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకుంటోందట. "పెద్దకొడుకు దగ్గరికి ప్లేన్లో పొయ్యొచ్చినప్పటి నుంచి ఇంతే" అంది.

ఆ రోజు ఏమైంది

ఏ ఎయిర్‌పోర్టో రాయను. పెద్దది, రద్దీగా ఉండేది. ఆవిడకు అదే మొదటి విమాన ప్రయాణం. డోర్ ఫ్రేమ్ దాటింది, ఆడవాళ్లను చూసే తెర గదిలోకి వెళ్లింది. లోపల మహిళా సిబ్బంది చేతి డిటెక్టర్ తిప్పుతుంటే పొట్ట దగ్గర కూత పెట్టింది. ఆమె చెయ్యి పెట్టి నొక్కింది. చీర కింద మెత్తగా, వెచ్చగా, కదిలేది ఏదో తగిలేసరికి ఉలిక్కిపడి చెయ్యి తీసి, "యే క్యా హై?" అని గట్టిగా అడిగింది. ఈవిడకు నోరు పెగల్లేదు. "నికాలో" అంది ఆమె. తీసేది కాదని చెప్పడానికి ఈవిడ కొంగు పక్కకు జరిపి చూపించబోయింది. తెర పూర్తిగా వేసి లేదు. క్యూలో తర్వాతి ఇద్దరు చూశారు. ఒకావిడ ముక్కు మూసుకుందట.

వాసన వచ్చిందో లేదో నాకు తెలియదు. సరిగ్గా అతికిన సంచి నుంచి వాసన రాదు. కానీ నొక్కితే ఏమవుతుందో చెప్పలేం.

మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. విమానం ఎక్కారు, దిగారు, కొడుకు ఇంట్లో పది రోజులున్నారు. తిరిగి రావడానికి రాత్రంతా రైల్లో వచ్చారు, విమానం టికెట్లు వదిలేసుకున్నారు.

నా దగ్గర ఈ విషయం బయటపడేసరికి ఇంకో ప్రయాణం ఉంది. కూతురికి ఎనిమిదో నెల, కోస్తాలో ఉంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, కానీ తల్లికి ఇట్లుందని ఆ పిల్ల అత్తగారింటనే ఉండిపోయింది. కనీసం తల్లి అయినా పక్కన ఉండాలని దాని ఆశ. మా సర్జన్‌ను అడిగితే "బస్సులో పొమ్మనండి, గొడవే లేదు" అన్నారు. ఆయన మంచి సర్జన్. కానీ స్టోమా ఉన్న మనిషికి రాత్రి బస్సు ఎంత నరకమో ఆయన ఆలోచించలేదు. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగిన చోట బాత్రూంలో నీళ్లు ఉంటాయో లేదో తెలియదు. విమానంలో టాయిలెట్ పది అడుగుల దూరంలో ఉంటుంది, అంతా కలిపి రెండు మూడు గంటల పని. ఇలాంటి వాళ్లకు నిజానికి విమానమే సుఖం. ఆ మూడు నిమిషాల చెకింగే అడ్డం. కాబట్టి దాని మీదే పనిచేద్దామని నిర్ణయించుకున్నాం.

పనిచేయనివి

మొదటిది కొడుకు ఆలోచన, వీల్‌చెయిర్. అందరికంటే ముందు పంపిస్తారు, జాలిగా చూస్తారు, ఎక్కువ తడమరు అని. నేనూ సరే అనుకున్నాను గానీ, ఎయిర్‌పోర్టు చెకింగ్ డ్యూటీ చాలా ఏళ్లు చేసి రిటైరైన ఒకావిడ తెలిసిన వాళ్ల ద్వారా దొరికితే ఆమెను అడిగాను. నవ్వింది. కుర్చీలో కూర్చున్న మనిషి డోర్ ఫ్రేమ్ గుండా నడవలేదు కాబట్టి చేత్తో చూసేదే ఎక్కువ, కుర్చీ కూడా చూడాలి అంది. అంటే తాకడం తగ్గదు, పెరుగుతుంది. పైగా నడవగలిగే మనిషిని కుర్చీలో కూర్చోబెడితే తాను రోగినని ఆమే నమ్మేస్తుంది. వద్దనుకున్నాం.

రెండోది నా ఆలోచన, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. చిన్న సైజు సంచి, దాని మీద వెడల్పాటి ఎలాస్టిక్ బెల్టు, పైకి ఉబ్బు కనిపించకుండా. కొన్ని రోజులు ఇంట్లో వేసుకుని చూడమన్నాను. నాలుగో రోజే లీకైంది. బెల్టు బిగువుకు సంచిలో గాలి ఆడదు, మలం కిందికి జారకుండా స్టోమా చుట్టూనే ముద్దగా పేరుకుని ప్లేటు కిందికి చొరబడుతుంది. ఇది నాకు తెలియంది కాదు, పుస్తకంలో ఉన్నదే. కానీ ఆవిడ దాచాలని ఎంత గట్టిగా కోరుకుందో చూసి నేనూ ఆమె వైపు నుంచే ఆలోచించడం మొదలుపెట్టాను. అదీగాక చెకింగ్ చేసే మనిషి దృష్టిలో పొట్టకు బిగించి కట్టిన బెల్టు కంటే అనుమానం పుట్టించేది ఇంకేముంటుంది? దాచిన కొద్దీ వెతుకుతారు.

మూడోది డాక్టర్ లెటర్. అందరూ చెప్పేది ఇదే. సర్జన్ గారు లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో పేజీన్నర రాసిచ్చారు: ఏ కేన్సర్, ఏ స్టేజ్, ఏ ఆపరేషన్, కీమో ఎన్నిసార్లు. చూడటానికి గట్టిగా ఉంది. ఇస్తే ఎలా ఉంటుందో చూద్దామని మా రూములో రిహార్సల్ చేశాం, మా జూనియర్ అమ్మాయి సెక్యూరిటీ వేషం వేసింది. లెటర్ తీసుకుని చదవడానికే రెండు నిమిషాలు తంటాలు పడి, "మేడమ్, ఇదేంటో చూడండి" అని నా చేతికిచ్చింది. అది నటన కాదు, ఆ పిల్లకు నిజంగానే అర్థం కాలేదు. అప్పుడు ఆవిడ ముఖం చూశాను. లెటర్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవడం చూస్తూ కూర్చుంది. "నా యవ్వారమంతా ఊరికి చదివి వినిపిచ్చినట్టుండాది సిస్టర్" అంది.

ఆ మాటతో నాకొకటి తెలిసొచ్చింది. తెర గదిలో ఉన్న మనిషికి తెలియాల్సింది పొట్ట మీద ఉన్నది ఏంటి, తీయొచ్చా లేదా అన్న రెండే విషయాలు. కేన్సర్ అన్న ముక్క ఆమెకు దేనికి? 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పినప్పుడు, ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, ఆ అవసరానికి మించి పోకూడదు అన్నారు. మేం మాత్రం అవతలి వాళ్లు అడగకుండానే అవసరానికి మించి రాసిచ్చేశాం.

పిన్నీసు

ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. డిటెక్టర్ ఎందుకు కూసింది? సంచి ప్లాస్టిక్ ఫిల్మ్, చర్మానికి అతికే ప్లేటు జిగురు పదార్థం, కింద మూసే క్లిప్పు కూడా ప్లాస్టిక్కే. చేతి డిటెక్టర్ పట్టేది లోహాన్ని. దాని కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహంలో చిన్న కరెంట్లు పుట్టిస్తుంది, వాటిని పసిగట్టి కూస్తుంది. ప్లాస్టిక్కు అది కూయదు.

మా బిల్డింగ్ కింద నగల షాపుంది, అక్కడి వాచ్‌మన్ దగ్గర చేతి డిటెక్టర్ అరగంటకు అడిగి తెచ్చాం. మొదట సంచి ఒక్కటే టేబుల్ మీద పెట్టి తిప్పితే చప్పుడు లేదు. క్లిప్పు మీద కూడా లేదు. ఆవిడను నిలబెట్టి తిప్పితే తాళి దగ్గర కూసింది, అది అందరికీ కూసేదే. గాజు గాజుల దగ్గర ఏమీ లేదు. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా కూసింది. కుచ్చిళ్లు తీసి చూస్తే, జారకుండా లోపలి నుంచి లంగాకు గుచ్చిన పెద్ద పిన్నీసు. సంచికి నాలుగు వేళ్ల దూరం.

ఆపరేషన్ తర్వాత బరువు తగ్గి, నాడా గట్టిగా కడితే స్టోమాకు ఒరుసుకుంటుందని వదులుగా కట్టి, చీర జారుతుందన్న భయంతో పిన్నీసు పెట్టడం మొదలుపెట్టిందట. ఆ పిన్నీసు కూతకే చెయ్యి అక్కడికి పోయింది. ఆ రోజు అవమానం సగం ఆ రూపాయి పిన్నీసు తెచ్చిపెట్టిందే.

సగమే అంటున్నాను, ఎందుకంటే పిన్నీసు లేకపోయినా చెయ్యి అక్కడికి పోవచ్చు. కొడుకు కోపం అదే. "మెషిన్ కూయకపోతే పొట్ట తడమడం దేనికి మేడమ్?" అన్నాడు. 2021 అక్టోబరులో నటి, నర్తకి సుధా చంద్రన్ ప్రతిసారీ తన కృత్రిమ కాలు తీయమంటున్నారని పెట్టిన వీడియో ఫోన్లో చూపించాడు. అప్పుడు ఎయిర్‌పోర్టుల్లో చెకింగ్ చేసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది, ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు కూడా కృత్రిమ అవయవాలు తీయమని అడగకూడదంది. మరి మా అమ్మకెవరు చెప్తారు అని అతని బాధ. న్యాయమైనదే. కానీ అవతలి వాళ్ల భయం కూడా ఉత్తది కాదు, అది అతనికి చెప్పడం నాకు అవసరమనిపించింది. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు పదార్థం దాచి తెచ్చాడు. అందులో లోహం లేదు, మెటల్ డిటెక్టర్ పట్టలేదు. సరిగ్గా పేలలేదు కాబట్టి జనం బతికారు. పొట్ట, నడుము దగ్గర చేత్తో చూడటం, బాడీ స్కానర్లు పెరగడం అప్పటి నుంచే. మన దగ్గర కూడా 1999 డిసెంబరులో కాందహార్ హైజాక్ తర్వాతే ఎయిర్‌పోర్టుల కాపలా సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం 2000లో జైపూర్‌తో మొదలైంది. చూడకుండా వదిలేయమని అడిగే హక్కు మనకు లేదు, ఎలా చూడాలో అడిగే హక్కు ఉంది. ఈ తేడా కొడుకుకు అర్థమవడానికి రెండు టీలు పట్టాయి.

ఫిర్యాదు కూడా రాశాడు, రాయొద్దని నేననలేదు. కానీ ఆ జవాబు వచ్చేలోపు కూతురి కాన్పు అయిపోతుంది. మాకు వచ్చే వారానికి పనికొచ్చేది కావాలి.

పనిచేసింది

రిటైరైన ఆవిడ చెప్పిన మాట నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది: "చెయ్యి పెట్టాక తెలిస్తే అది అనుమానం. చెయ్యి పెట్టకముందు చెప్తే అది సమాచారం." ముందే చెప్తే తెర సరిగ్గా వేసుకోవచ్చు, సీనియర్‌ను పిలవొచ్చు, నెమ్మదిగా చూడొచ్చు. చేతికి తగిలాక మాత్రం అదేంటో తేల్చకుండా వదిలే అధికారం ఆ సిబ్బందికి లేదు, ఆమె ఉద్యోగం పోతుంది.

కాబట్టి మొత్తం పద్ధతి తిరగేశాం, దాచడం మానేసి ముందు చెప్పడం. అరచేతిలో పట్టే కార్డు ఒకటి తయారుచేశాం, తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో. తెలుగులో ఇలా ఉంది: "నా పొట్ట మీద వైద్య సంచి అతికించి ఉంది. తీయడానికి, నొక్కడానికి వీల్లేదు. దయచేసి తాకే ముందు నాతో మాట్లాడండి. బట్టల మీద నుంచి నేనే తాకి చూపిస్తాను, తర్వాత నా చేతులు పరీక్షించండి." రోగం పేరు లేదు. కింద సర్జన్ సంతకం, ముద్ర. పెద్ద లెటర్ బ్యాగులోనే మడతపెట్టి ఉంటుంది, పై అధికారి అడిగితేనే బయటికి.

చివరి వాక్యం ఎక్కడిదంటే, అమెరికాలో ఎయిర్‌పోర్టు చెకింగ్ చూసే టీఎస్ఏ స్టోమా ఉన్న వాళ్లకు ఇలాగే చేస్తుంది. ప్రయాణికులే తమ సంచిని బట్టల మీద నుంచి తడుముకుంటారు, తర్వాత వాళ్ల చేతులను చిన్న గుడ్డముక్కతో తుడిచి పేలుడు పదార్థాల జాడ ఉందేమో మెషిన్‌లో చూస్తారు. ఆ మెషిన్లు మన దగ్గరా ఉన్నాయి. సిబ్బంది చెయ్యి సంచికి తగలదు, వాళ్లకు కావాల్సిన జవాబు వాళ్లకు దొరుకుతుంది. ఒక జాగ్రత్త: గ్లిజరిన్ ఉన్న క్రీములు, లోషన్లు చేతికి ఉంటే ఆ మెషిన్ ఒక్కోసారి ఉత్తపుణ్యానికి అలారం కొడుతుంది. పొద్దున్నే చేతులు సబ్బుతో కడుక్కుని ఏమీ రాసుకోవద్దని చెప్పాను.

కార్డు ఉంటే సరిపోదు, నోరు కూడా రావాలి. పడమటి తాలూకాల వాళ్లకు ఉర్దూ కాస్తో కూస్తో వస్తుంది, అది ఇక్కడ అక్కరకొచ్చింది. "మేడమ్, పేట్ పే మెడికల్ బ్యాగ్ హై, పహలే కార్డ్ దేఖో" అని పదిసార్లు అనిపించాం. మొదట్లో గొంతు వణికేది. ఆరోసారికి మా జూనియర్ కావాలనే వినిపించుకోకుండా చెయ్యి చాపితే, ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి కార్డు అడ్డం పెట్టింది. అది నేను నేర్పింది కాదు. ఆ రోజు ఇంటికి పోతూ దారిలో ఉగ్గాని బజ్జీ తిన్నదట, ఎన్ని నెలల తర్వాతో.

మిగతావి గబగబా చెప్తాను. పిన్నీసు లేదు, లోపల కుచ్చిళ్లు పట్టుకునేలా నడుముకు మెత్తటి పట్టీ కుట్టించాం, స్టోమాకు పైన. కత్తెర చేతి సామానులో వద్దంటారు కాబట్టి ఆరు ప్లేట్లు ఇంట్లోనే కత్తిరించి పెట్టుకుంది. సంచులన్నీ చేతి బ్యాగులోనే, లగేజీలో వేస్తే ఆ లగేజీ వేరే ఊరికి పోతే గతేంటి? పైకి వెళ్లాక గాలి పీడనం తగ్గి సంచి బూరలా ఉబ్బుతుంది కాబట్టి ఫిల్టర్ ఉన్న సంచి పెట్టాం. కొందరు గాలి పోవడానికి పిన్నీసుతో సంచికి రంధ్రం పొడుస్తారు, దయచేసి ఆ పని చేయకండి.

ప్రయాణం

పోయేటప్పుడు మా ఓర్వకల్లు నుంచే. నంద్యాల రోడ్డు మీద ఉన్న చిన్న ఎయిర్‌పోర్టు, 2021లో మొదలైంది, జనం తక్కువ. తెర గదిలోకి పోగానే ఈవిడ వాక్యం చెప్పింది, కార్డు చూపింది. ఆ అమ్మాయి చదివి, తలూపి, తెర ఇంకొంచెం లాగి, "మీరే తాకండమ్మా" అంది. అయిపోయింది. కూతురింటికి చేరాక నాకు ఫోన్ చేసి ముందు చెప్పింది ఇది కాదు, విమానంలో ఇచ్చిన శాండ్‌విచ్ అస్సలు బాగాలేదని.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. నేరుగా టికెట్ దొరక్క మధ్యలో ఒక పెద్ద ఊళ్లో దిగి మళ్లీ చెకింగ్‌కు పోవాల్సి వచ్చింది. అక్కడి అమ్మాయి కార్డు చదవలేదు, "ఖోల్ కే దిఖావో" అంది. ఆవిడ చూపించనంది. గొడవ పడలేదు, అరవలేదు, "సీనియర్ కో బులావో" అని నిలబడింది. పది పన్నెండు నిమిషాలు పట్టింది. వెనకాల క్యూ విసుక్కుంది. సీనియర్ వచ్చి కార్డు చదివి, చేతులు తుడిచి మెషిన్‌లో పెట్టించి పంపింది. గేటు దగ్గరికి చివరి మనుషులుగా చేరారు. కొడుకు దీన్ని ఓటమి అంటాడు. నేను అనను, చీర జరగలేదు. కానీ పన్నెండు నిమిషాలు అలా నిలబడగలిగే ధైర్యం అందరికీ ఉండదు, కార్డు అక్కడ పనిచేయలేదు, పనిచేసింది ఆవిడే. అందుకే ఇప్పుడు నా పేషెంట్లకు గంట ముందు కాదు, రెండు గంటల ముందే పొమ్మంటున్నాను.

చర్మం నెలలో మానింది. పుండు గుడ్డ బిగించి కట్టుకోవడం వల్ల, తిండి మానడం వల్ల వచ్చిందని నాకు మొదటి రోజే తట్టి ఉంటే ఇంకా ముందే మానేది. ఇప్పుడు మానని పుండుతో ఎవరొచ్చినా కొలత టేపు తీసే ముందు "ఈ మధ్య ఎక్కడికైనా పోయొచ్చారా, అక్కడేమైనా జరిగిందా?" అని అడుగుతున్నాను.

తర్వాత ఇదే కార్డు ఇంకో పెద్దాయనకు ఇచ్చాను, అనంతపురం వైపు మనిషి. ఆయన వచ్చి ఏమన్నాడంటే, "ఆడోళ్లకు తెర ఉంటుంది సిస్టర్, మా మొగోళ్లను అందరి ముందర పీట ఎక్కిచ్చి చేతులు చాపమంటారు. కార్డు యాడ చూపిచ్చేది?" నిజమే, మగవాళ్లకు తెర గది ఉండదన్న సంగతి నాకు తట్టనే లేదు. వేరే గదిలో చూడమని అడగొచ్చు, కానీ అడగాలని ఆయనకు తెలియదు, నేను రాయలేదు. ఇప్పుడు మగవాళ్లకిచ్చే కార్డులో మొదటి వాక్యమే అది: "దయచేసి నన్ను విడిగా గదిలో పరీక్షించండి."